కదలని ముల్లు

జమీందారు తోలిన పాత కారు కింద పడి పైడయ్య భార్య నూకాలు చచ్చిపోయింది. చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. ఆ కారుకు మరమ్మతులు చేసేది పైడయ్యే.

విచారణకు వచ్చిన మహారాజుగారి దివానుకు జమీందారు సున్నాకు తిప్పి పెట్టాక కారు ఎన్ని మైళ్లు తిరిగిందో తెలిపే ముల్లు చూపించాడు.

"నెల మొదట్లో సున్నాకు తిప్పాను, ఇంకా సున్నా మీదే ఉంది. ఆ రోజు కారు కదలనేలేదు. ముల్లు బాగుందని చెప్పరా, పైడయ్యా!"

పైడయ్య బానెట్ ఎత్తాడు. ముల్లును తిప్పే తీగ తెగి వేలాడుతోంది. మెల్లగా బానెట్ దించాడు.

"బాగానే ఉంది బాబూ. కారు షెడ్డు దాటలేదు."

జమీందారు మీసం దువ్వాడు. పైడయ్య షెడ్డు గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఇంకా కూర్చున్నావేం?" గద్దించాడు జమీందారు.

"కారే కదలకపోతే నూకాలికేమీ కాలేదు కదా బాబూ. గంజి తెచ్చే వేళయింది. రానివ్వండి, లేస్తాను."

దివాను జమీందారునే చూస్తూ పైడయ్య పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలింది. గంజి రాలేదు.