చిలకలో దాచిన అలసట

అనగనగా ఒక రాజు. ఆయనకు ఏడుగురు కాదు, ముగ్గురే కొడుకులు. ఆ ముగ్గురిలో ఇద్దరితోనే ఆయన ప్రాణం విసిగిపోయింది.

పెద్దవాడు ధర్మసేనుడు. దేవుడున్నాడంటాడు. నడిమివాడు తర్కసేనుడు. లేడంటాడు. పొద్దున లేస్తే ఇదే గోల. ఆ రాజ్యంలో ఒక పాడు ఆచారం ఉండేది: చివరి మాట ఎవరిదైతే గెలుపు వాళ్ళది. మరి చివరి మాట వదులుకునేదెవరు? మూడోవాడు హంససేనుడు చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాడు. పాపం, ఏం చేస్తాడు!

ఏడు సముద్రాల అవతల కర్కశకంఠుడని ఒక మాంత్రికుడు ఉండేవాడు. వాడు హేమరేఖ అనే రాకుమారిని ఎత్తుకుపోయి, తన వాదసభలో తీర్పరిగా కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళను మూడు ప్రశ్నలు అడుగుతాడు. దేవుడున్నాడా? ఉంటే రుజువేది? నమ్మినవాడు మంచివాడవుతాడా? మీరు ఉన్నాడంటే వాడు లేడంటాడు, లేడంటే ఉన్నాడంటాడు. చివరి మాట దక్కించుకున్నవాడు రాకుమారిని విడిపించుకోవచ్చు. ఓడినవాడు రాయైపోతాడు.

పెద్దవాడు ఓడెక్కి వెళ్ళాడు. "ఈ సూర్యుణ్ణి చూడు, ఈ పువ్వును చూడు. చేసినవాడు లేకుండానే అయ్యాయా?" అన్నాడు. "ఆ చేసినవాణ్ణి చేసిందెవరు? పసిపిల్లలకు జ్వరాలిచ్చిందెవరు?" అన్నాడు మాంత్రికుడు. ఆరు రోజులు వాదించి, ఏడో రోజున నోరెండిపోయి పెద్దవాడు రాయైపోయాడు.

నడిమివాడు వెళ్ళాడు. "కంటికి కనిపించనివాణ్ణి ఎలా నమ్మను?" అన్నాడు. "మీ అమ్మ ప్రేమ కంటికి కనిపించిందా?" అన్నాడు మాంత్రికుడు. ఆరు రోజులు వాదించి, ఏడో రోజున వాడూ రాయైపోయాడు.

చిన్నవాడు బయల్దేరాడు. తల్లి ఏడ్చింది. "నువ్వేం వాదిస్తావురా నాయనా?"

"వాదించడానికి కాదమ్మా. అన్నయ్యల్ని తీసుకురావడానికి."

నడిచి నడిచి కాళ్ళు పీకి, సముద్రపు ఒడ్డున కూలబడ్డాడు. పక్కనే ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి ఉంది. దాన్ని తిరగేసి నిలబెట్టాడు.

"చల్లగా ఉండు నాయనా," అంది తాబేలు. "ఎన్నాళ్ళుగానో ఇలా పడి ఉన్నాను. మీ పెద్దన్న పూజవేళ మించిపోతోందని వెళ్ళిపోయాడు. మీ నడిమన్న ఏదో ఆలోచించుకుంటూ నన్ను దాటుకుపోయాడు. నిన్ను దేవుడే పంపాడు."

"ఏమో తాబేలవ్వా. కాళ్ళు నొప్పులని కూర్చున్నాను, నువ్వు కనిపించావు."

తాబేలు వాణ్ణి వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ ఈదింది. దారిలో రహస్యం చెప్పింది. మాంత్రికుడి ప్రాణం సింహాసనం వెనక పంజరంలోని చిలకలో ఉంది. ప్రాణం ఒక్కటే కాదు, అలసట కూడా అందులోనే దాచాడు. వాడు ఎంత వాగినా అలిసిపోయేది చిలక. అది కునుకు తీస్తే ఎక్కడ తానూ నిద్రపోతాడోనని వాడు దాన్ని ఇనుపచువ్వతో పొడిచి లేపుతాడు. వందేళ్ళుగా దానికి నిద్ర లేదు.

హంససేనుడు సభలో అడుగుపెట్టాడు. అటూ ఇటూ నోళ్ళు తెరుచుకున్న రాళ్ళు. వాటి మధ్య వేలు పైకెత్తి పెద్దన్న, నొసలు చిట్లించి నడిమన్న. చూసేసరికి వాడికి దుఃఖం ఆగలేదు. తీర్పరి పీటమీద హేమరేఖ కళ్ళు ఎర్రబడి, మెడ వాలిపోయి కూర్చుంది.

"దేవుడున్నాడా?" అన్నాడు మాంత్రికుడు.

హంససేనుడు జవాబివ్వలేదు. "రుజువేది?" అన్నా ఇవ్వలేదు. తిన్నగా సింహాసనం వెనక్కి నడిచి, పంజరంలోంచి చిలకను తీసి మెడ పట్టుకున్నాడు.

మాంత్రికుడు వణికాడు. కానీ వాడు మామూలు ఘటం కాదు. "మూడో ప్రశ్నకు నీ చేతిలోనే ఉంది జవాబు!" అని అరిచాడు. "పైనుంచి చూసేవాడు ఎవడూ లేడంటావా? అయితే పిసికెయ్. ఉన్నాడంటావా? అయితే వదిలెయ్. ఏం చేసినా నాతో వాదానికి దిగినట్టే! చెప్పు!"

హంససేనుడు అన్నల వంక చూశాడు. వేళ్ళు బిగుసుకున్నాయి. చంపాలనిపించింది, నిజంగానే అనిపించింది. అప్పుడు చిలక తల మెల్లిగా వాలి వాడి బొటనవేలి మీద ఆనింది. దాని కళ్ళు మూతలు పడుతున్నాయి. అంత అలసట వాడికి తెలుసు. ఆ వాదాల ఇంట్లో పుట్టి పెరిగినవాడు కదా.

"నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు. "ఇది నిద్రపోతోంది."

అని చిలకమీద ఉత్తరీయం కప్పాడు.

"అది జవాబు..." అంటూ నోరు తెరిచిన మాంత్రికుడు ఆవులించాడు. వందేళ్ళ అలసట ఒక్కసారిగా మీద పడింది. సింహాసనం మీదినుంచి జారి, నేలమీద పడి గుర్రు పెట్టాడు.

హేమరేఖ లేచి నిలబడింది. "చివరి మాట ఈ రాకుమారుడిది," అంది.

రాళ్ళన్నీ మనుషులయ్యాయి. అన్నలిద్దరూ పరుగున వచ్చారు. "ఏమని గెలిచాడు? ఉన్నాడనా, లేడనా?"

"నెమ్మదిగా మాట్లాడమని," అంది రాకుమారి.

చిలక లేస్తే మాంత్రికుడూ లేస్తాడు. అందుకని దాన్ని నిద్ర చెడకుండా ఇంటికి తెచ్చి, కొలువుకూటంలో పట్టుపరుపు మీద పడుకోబెట్టారు. హంససేనుడికీ హేమరేఖకూ పెళ్ళయింది. బాజాలు లేవు, పురోహితుడు మంత్రాలు కూడా గొణిగాడు. పెళ్ళయ్యాక రాకుమారి మూడు రోజులు పడుకుంది. వాడు పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు.

హంససేనుడు అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. అన్నలు వాదన మానలేదు, ఎందుకు మానతారు? కానీ చిలక లేస్తుందని గుసగుసగా వాదించుకునేవారు. గుసగుస వినాలంటే దగ్గరగా జరగాలి కదా. ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి, అలాగే ముసలివాళ్ళయ్యారు.

ఒకనాడు పెద్దవాడు అన్నాడు: "తమ్ముడూ, నాకూ ఒక్కోసారి అనుమానం వస్తుందిరా."

నడిమివాడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నాకూ ఒక్కోసారి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది అన్నయ్యా," అన్నాడు.

హంససేనుడు పక్కనే ఉన్నాడు. విననట్టే కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు అక్కడ అలా హాయిగా ఉన్నారు, మనం ఇక్కడ ఇలా ఉన్నాం.