వేలు చదివిన మాట

పేషెంటు నాటకమాడుతున్నాడని నిరంజన్ తేల్చేశాడు. తేల్చేశాక కూడా మనసు కుదురుగా లేదు. ఇంత వింత నాటకం ఎవరైనా ఎందుకాడతారు?

పేషెంటు పేరు దస్తగిరి. కర్నూలు పాతబస్తీలో దుకాణాలకు బోర్డులు రాసే ఆర్టిస్టు. కిందటి వారం తల పగిలిపోయేంత నొప్పి వచ్చి కళ్ళు మసకబారాయి. తేరుకున్నాక కుడివైపు చూపు పోయింది. అదొక్కటే అయితే పేచీ లేదు. రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాడు. ఆ కాగితాన్నే కాసేపాగి చేతికిచ్చి చదవమంటే ఒక్క అక్షరమూ తెలియదంటాడు.

"రాయనీకి వస్తాది సార్. సదవనీకే రాదు," అని వచ్చినప్పటి నుంచీ ఇదే మాట.

అతని తమ్ముడు మౌలాలికి దుకాణంలో సగం వాటా. వరండాలో బెంచీ మీద కూర్చుని, డాక్టర్లు ఇవాళ ఏదో ఒకటి చెప్పాల్సిందేనని పట్టుబట్టాడు. జబ్బయితే అన్నను కూర్చోబెట్టి సాకుతాడట. వేషమైతే దుకాణం మెట్టెక్కనివ్వడట.

నిరంజన్ బంగారు పతకం తెచ్చుకున్న కుర్ర డాక్టరు. మెదడులో ఏ పని ఏ చోట జరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అసలు మెదడంతా బూడిదరంగు పైపొరలోనే ఉందని, లోపలి తెల్ల పదార్థం ఊరికే తీగల చుట్ట అని అతని అభిప్రాయం. ఆ పాఠం పరీక్షకు పైపైన చదివినా పతకం వచ్చేసింది. దాంతో తెల్ల పదార్థం మీద ఉన్న ఆ కాస్త గౌరవం కూడా పోయింది.

పొద్దున రౌండ్స్‌కి డాక్టర్ వకుళ వచ్చారు. నరాల వైద్యంలో అతనికి గురువు. తక్కువ మాట్లాడే మనిషి.

"అక్షరాలు తెలిసిన చోటు బాగానే ఉంది మేడమ్. లేకపోతే రాయలేడు కదా," అన్నాడు నిరంజన్. "చూసే చోటు మెదడులో ఎడమవైపు దెబ్బతింది, కుడివైపు చూపు పోయింది అందుకే. మెదడులో కుడివైపుది మాత్రం చెక్కుచెదరలేదు. రెండూ ఉన్నాక చదవలేకపోవడమేమిటి? కావాలంటే చూడండి."

కాగితం మీద పెద్ద అక్షరాలతో 'దొంగ' అని రాసి దస్తగిరి కళ్ళ ముందు పెట్టాడు. చదవగలిగినవాడైతే ముఖంలో ఏదో ఒకటి కదలక తప్పదని అతని ఎత్తు.

దస్తగిరి తేరిపార చూశాడు. "గీత సమంగా వచ్చింది సార్. మీది మంచి చెయ్యి," అన్నాడు మెచ్చుకోలుగా.

"చూశారా మేడమ్, ఎంత గట్టివాడో."

వకుళ ఇంకో కాగితం తీసుకుని 'మల్లె' అని రాశారు. దస్తగిరి కుడిచేతి చూపుడువేలు పట్టుకుని మొదటి అక్షరం మీద ఆనించారు.

"చదవొద్దు దస్తగిరిగారూ. బ్రష్షు తిప్పినట్టు గీత వెంట వేలు పోనివ్వండి."

వేలు కదిలింది. ఒకసారి తిరిగి, వెనక్కి వచ్చి, మళ్ళీ తిరిగింది.

"మ," అన్నాడు దస్తగిరి సందేహంగా. పక్క అక్షరం మీదికి జరిగాడు. "ల్లె. మల్లె." తన వేలిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

నిరంజన్ మంచం దగ్గరకు జరిగాడు. ఓడిపోయానన్న సంగతి అతనికింకా తట్టలేదు. తెలుసుకోవాలన్న ఆత్రం ఒక్కటే ఉంది.

"కన్ను చదవలేనిది వేలెలా చదివింది మేడమ్?"

వకుళ స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకున్నారు. మెదడు రెండు సగాలనూ కలిపే తెల్లటి కట్ట వెనక కొసన చిన్న మచ్చ కనబడుతోంది. నిన్న నిరంజన్ దాన్ని చూశాడు, తీగల్లోదే కదా అని వదిలేశాడు.

"ఇప్పుడు చూస్తున్నది కుడి మెదడు. అక్షరాలు తెలిసింది ఎడమ మెదడుకి. మధ్యలో ఇక్కడ దారి తెగింది," అన్నారావిడ. "కుడిచెయ్యి ఎలా కదిలిందో ఎడమ మెదడుకి నేరుగా తెలుస్తుంది. ఆ దారి బాగానే ఉంది."

నిరంజన్ ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయాడు. ఈలోగా దస్తగిరి మంచం మీదున్న మొదటి కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు.

"అది వద్దులే," అని నిరంజన్ గబుక్కున చెయ్యి చాపాడు.

"ఉండనీ," అన్నారు వకుళ.

వేలు మెల్లగా నడిచింది. "దొ... సున్న... గ." మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. "దొంగ."

నిరంజన్ తల దించుకున్నాడు. అంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

దస్తగిరికి మాత్రం ఆ మాట తనను అన్నదని తోచనేలేదు. కళ్ళు తుడుచుకుంటూ వరండా వైపు కేకేశాడు. "మౌలాలీ, సదివినాన్రా. రెండు మాటలు సదివినా."

తర్వాత కాగితం తిరగేసి, ఖాళీ వైపు నిరంజన్ ముందు పెట్టాడు. "ఇంగోటి రాయండి సార్."

వకుళ స్టూలు లాక్కుని కూర్చున్నారు. తొందరేమీ లేనట్టు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

నిరంజన్ పెన్ను మూత తీశాడు. ఏం రాయాలో అతనికి తెలుసు. ఆ మాట చేతిదాకా రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది.