చెప్పి వచ్చిన సముద్రుడు

పూర్వం సముద్రుడికి వేళాపాళా లేని యుగంలో, తూర్పు తీరాన ఒక ఇసుకదిబ్బ మీద మితశీలుడనే మహర్షి పర్ణశాల కట్టుకొని, సాధ్వియైన సైకతాదేవితోనూ అయిదు నెలల పసికందుతోనూ కాలం గడుపుతుండేవాడు. కన్నకొడుకైన చంద్రుణ్ణి చూస్తే సముద్రుడు పొంగుతాడని ఆ తపోధనుడు ఒకనాడు భార్యకు చెప్పగా, ఆమె ఆ మాట కొంగున ముడివేసుకుంది. బిడ్డ పుట్టింది మొదలు సైకతకు అన్నీ భయాలే. గాలి వీస్తే భయం, బిడ్డ కొంచెం ఎక్కువసేపు నిద్రపోతే భయం.

ఒక అమావాస్యనాడు ముని పితృతర్పణానికి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగకు వెళ్లాడు. దర్భలు కోయవలసిన సైకత, దిబ్బ మీది ఎండకు కమిలిపోతున్న బిడ్డను చూసి, "ఇవాళ చంద్రుడే లేడు, సముద్రుడు ఎవర్ని చూసి పొంగుతాడులే" అని తనకు తానే ధైర్యం చెప్పుకొని, ఆటుకు బయటపడ్డ చల్లని తడి ఇసుకలో రెండు కర్రలు పాతి, చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి వెళ్లింది.

నాలుగు గుప్పిళ్లు కోసిందో లేదో, వెనక నీళ్ల చప్పుడు. తిరిగి చూస్తే ఉయ్యాల అడుగు తడుస్తోంది! కొడవలి విసిరేసి, పడుతూ లేస్తూ పరుగెత్తి, బిడ్డను నెత్తికెత్తుకునేసరికి వెనక పల్లమంతా నిండి దారి మూసుకుపోయింది.

"ఓ రత్నాకరా! కడుపులో అన్ని ముత్యాలు దాచుకున్నావే, నా ఒక్క ముత్యం మీదనే పడిందా నీ కన్ను? అమావాస్యనాడు పొంగమని నీకెవరు చెప్పారయ్యా?"

ఆ ఆక్రోశానికి సముద్రుడు నివ్వెరపోయి, ఆమె గడ్డం దగ్గర అల ఆపి, "పిలిచినవాణ్ణి అడుగు తల్లీ" అన్నాడు. అంతట సూర్యమండలం పక్కనుంచి ఓషధీపతియైన చంద్రుడు తల వంచుకొని దిగివచ్చాడు.

"నువ్వు లేవనుకున్నాను గదయ్యా!" అంది సైకత.

"ఎక్కడికీ పోలేదమ్మా. సూర్యభగవానుడి వైపు ముఖం తిప్పి నిలిచాను, నీకు నా వీపు. అటు తిరిగి కూర్చున్నవాడు ఇంట్లో లేనట్టా? ఇవాళ మేమిద్దరం ఒకే వైపునుంచి నీళ్లను లాగుతున్నాం, అందుకే ఇంత పోటు. పున్నమికి ఎదురెదురుగా నిలుస్తాం, అప్పుడూ ఇంతే. అష్టమికి చెరొక దిక్కున ఉంటాం గనుక నెమ్మదిస్తుంది. భూదేవి తన చుట్టూ తాను తిరుగుతూ తీరాలను ఆ పొంగు కిందికి తెస్తుంటుంది. ఇది సృష్టిధర్మం. పోటు ఆపమనక, మరే వరమైనా కోరుకో."

"ఆపమని నేనెందుకంటాను? ఆటుకు పీతలు ఏరుకునేవాళ్లకు, పోటుకు పడవ ఒడ్డెక్కించుకునేవాళ్లకు పిల్లల్లేరా? రావద్దనను తండ్రీ. చెప్పి రమ్మంటాను."

చంద్రుడి కళ్లు చెమర్చాయి. "తథాస్తు! నేను రోజుకు రెండేసి గడియలు వెనుకబడి వస్తాను, నా తండ్రి కూడా ఆ లెక్కనే వస్తాడు. అమావాస్యకూ పున్నమికీ ఎంత ముందుకు రాదలచాడో, అంత వెనక్కి ముందే తగ్గి చూపిస్తాడు."

అలలు వెనక్కి తగ్గి దారి ఇచ్చాయి. రొప్పుతూ వచ్చిన మితశీలుడు తడిసిన భార్యను చూసి, సంగతి విని, "తప్పు నీది కాదు సైకతా, నేను సగమే చెప్పాను" అంటూ తన ఉత్తరీయంతో బిడ్డ పాదాలు తుడిచాడు.

నాటినుంచి ఆ తీరంలో సముద్రం మామూలుకన్నా దూరం జరిగితే తల్లులు సంతోషించరు, ఉయ్యాల విప్పుకొని దిబ్బ ఎక్కుతారు. ఈ కథ విన్న తల్లి బిడ్డకు పాదమైనా తడవదు.