దూడ పద్యం

"ఇలా ముందుకి జరగండర్రా. గోడకి ఆనుకుంటే కథ రాదు, నిద్రొస్తుంది" అన్నారు గవర్రాజు మాస్టారు. పిల్లలు చాప మీద సర్దుకున్నారు. ఆయన దగ్గర పద్యాలు నేర్చుకుంటున్న సుభద్ర అడిగింది: "జైల్లో పడ్డవాడికి పద్యం ఏం ఒరగబెడుతుంది మాస్టారూ?"

ఆయన ఏ ప్రశ్నకీ సూటిగా జవాబివ్వరు. చిట్టెబ్బాయి సంగతి ఎత్తుకున్నారు.

పక్క రైతు గడ్డిమేటు తగలబెట్టాడని చిట్టెబ్బాయికి శిక్ష పడింది. మేటు వెనక కట్టేసిన దూడ కూడా కాలిపోయింది. కోర్టులోనూ, చూడవచ్చిన భార్య మంగతోనూ అతనిది ఒకటే మాట: "నేనెరగను." మంగ నమ్మింది. అతని కోసం ఊరందరితోనూ పోట్లాడింది. ఆమె నమ్మకమే అతనికి అన్నం సహించనిచ్చేది కాదు.

జైల్లో అతనికి పేరు లేదు, నంబరుంది. జంపఖానాలు నేసే మగ్గం దగ్గర పద్యాలు అల్లుకుని సన్నగా పాడుకునేవాడు. చివర మకుటంలో పేరు పెట్టుకోవడం వాడుక కదా, ఆ చోటు రాగానే ఉత్త రాగం తీసి ఊరుకునేవాడు. పక్క మగ్గం సూర్రావు, జేబులు కొట్టి లోపలికొచ్చినవాడు, విని విని ఒక పద్యం కంఠతా పట్టేశాడు.

పండగనాడు ఖైదీల చేత పాటలూ పద్యాలూ పాడించారు. ఇళ్ళవాళ్ళనీ రానిచ్చారు. సూర్రావు లేచి గొంతెత్తాడు:

"కట్టు తెంపలేక కన్నులెత్తెను దూడ
నిప్పు పెట్టు చేతి నీడకేసి..."

చివరి ఖాళీలో తన పేరు బిగించాడు. జైలరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయ్యో, ఎంత చక్కగా చెప్పాడమ్మా!" అంది మంగ పక్కామెతో.

చిట్టెబ్బాయి తల మోకాళ్ళలోకి వంగిపోయింది. దూడ ఆ చూపు చూసింది తనొక్కడి వంకే. పద్యం తనదంటే నిప్పూ తనదే. ఊరుకుంటే మంగ మిగులుతుంది. లేచాడు.

"అది నా పద్యమండి."

"నీదా? నీ నంబరెంతరా?" అన్నాడు జైలరు.

"చిట్టెబ్బాయినండి. మేటు అంటించినవాణ్ణి."

"తీసేసుకో గురూ!" అన్నాడు సూర్రావు. "దాంతో పాటు ఇంతుందని తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదు."

మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అతనికి కాళ్ళ కింద నేల చీలితే బాగుండుననిపించింది. అయినా నిలబడే ఉన్నాడు. పద్యం మళ్ళీ మొదటినుంచీ చదివాడు, చివర తన పేరుతో.

మాస్టారు ఆగారు.

"మరి విడిచిపెట్టారా మాస్టారూ?" అంది సుభద్ర.

"ఎవరూ, జైలువాళ్ళా? లేదమ్మా." ఆయన కండువా దులుపుకుని లేచారు. "పొండి, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి."