తాంబూలం అందుకోకముందు

అనగనగనగా, పూల వాసనకి పట్టపగలే కళ్ళు మూతలుపడే ఒక ఊరు. దాహమన్నవాడికి నీళ్ళివ్వని ఊరు, దానికి పేరెందుకు?

ఆ ఊళ్ళో గురవయ్య శెట్టి అత్తరు చేయించేవాడు. లోపల రాగి బానల్లో మల్లెలూ మొగలిరేకులూ ఉడికేవి. తలుపు రవ్వంత తెరుచుకుంటే చాలు, వీధిలో ఆవులు నిలబడి కలలు కనేవి.

పనికి కుదుర్చుకునేముందు "నువ్వేమైనా అడుగుతావా?" అనాలి. అది అక్కడి కట్టడి. అడిగాక తాంబూలం. అది పుచ్చుకుంటే ఇక మాట తిరగదు.

ఒక ఉదయం బానల కింద మంట చూసే పనికి ముగ్గురొచ్చారు. వాళ్ళలో నాంచారి ఒకతె. నిన్నటినుంచి ఆమె ఇంట పొయ్యి రాజుకోలేదు. తల్లి గుమ్మంకేసి చూస్తూ పడుకుని ఉంది.

ముందు వీరన్న వెళ్ళాడు. "కూలెంత శెట్టిగారూ?" అన్నాడు.

"నీ కష్టానికి తగినంత."

వీరన్న తాంబూలం పుచ్చుకుని, కూనిరాగం తీస్తూ లోపలికి పోయాడు. కాసేపటికి రాగం సన్నగిల్లింది. ఆగిపోయింది.

"తర్వాతెవరు?" అన్నాడు శెట్టి.

సూరమ్మ లేచింది. "పండగలకి సెలవుందా?"

"ఉందమ్మా."

ఆమె గాజులు లోపల కాసేపు గలగలమన్నాయి. అవీ ఆగిపోయాయి.

"తర్వాతెవరు?"

అరుగుమీదనుంచి నాంచారి లేచింది. పని ఒక్కటే. మరి ఇంకా ఎందరిని లోపలికి పిలుస్తాడు? తాంబూలం ముందుకొచ్చింది. తల్లి ముఖం కళ్ళముందాడింది. అయినా చెయ్యి చాపలేదు.

"అయ్యా, నాకంటే ముందు ఈ పని చేసినవాళ్ళు ఏరీ?"

"నిద్రపోతున్నారు. నా ఖర్మకి అందరూ నిద్రపోతులే దొరుకుతారు!"

"తమరు లోపల ఎంతసేపు కూర్చుంటారయ్యా?"

శెట్టి మీసం సవరించుకున్నాడు. "నాకేం పని లోపల?"

"కిటికీలెందుకు మూశారు?"

"వాసన పోదూ? పని అడగొచ్చావా, నన్ను విచారించొచ్చావా?"

"పనికే వచ్చానయ్యా. కిటికీ తీస్తేనే పుచ్చుకుంటాను." దండం పెట్టి మెట్టు దిగింది. ఒక్కో మెట్టూ కొండంత బరువైంది.

అంతలో మాడు వాసన. మంట చూసే దిక్కులేక బాన అడుగంటుతోంది!

"ఓసి గడుగ్గాయీ, ఆగు!" శెట్టి పరుగున పోయి, ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరిచాడు. చల్లగాలి దూరింది. బానల వెనకనుంచి, బుట్టల చాటునుంచి, ఏనాటి పనివాళ్ళో మంచులోంచి వచ్చినట్టు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు.

"తెల్లారిందా?" అన్నాడు వీరన్న ఆవలిస్తూ.

"నీకిప్పుడు తెల్లారింది!" అంది సూరమ్మ.

అప్పుడు నాంచారి తాంబూలం అందుకుంది. ఆ సాయంత్రం ఆమె ఇంట పొయ్యి రాజుకుంది.

కాబట్టి పిల్లలూ, కొలువులో చేరేముందు ఏమిస్తారని మాత్రమే కాదు, ముందున్నవాళ్ళు ఏమయ్యారని కూడా అడగాలి.