ఊరికే ఉండిన రెండేళ్లు

చెంగల్రాయుడు చేసిన తప్పల్లా ఏమంటే, ఏ కష్టమూ రాకుండానే పని మానేశాడు.

కష్టమొచ్చి మానేసి ఉంటే జనం అయ్యో పాపం అనేవాళ్లు. ఒంట్లో బాగాలేదనో, గురువుతో చెడిందనో చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. అలాంటిదేమీ లేదు. గుండ్లకోనలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే పెద్దోబులయ్య దగ్గర ఇతను పెద్ద శిష్యుడు. చెయ్యి విరిగినా కాలు బెణికినా ఇతని చేతికే ఇవ్వాలని జనం తెల్లవారకముందే వచ్చి పంచలో కాసుక్కూర్చునేవాళ్లు. అంతటి పేరున్న మనిషి ఒకనాడు గురువు ముందు నిలబడి, "సామీ, నేను కొన్నాళ్లు పని మానుకుంటా" అన్నాడు.

కారణం గురువుకొక్కడికే చెప్పాడు.

"నిన్న ఒకాయన మోచెయ్యి లాగుతా ఉంటి సామీ. ఆయప్ప గావుకేకలు పెడతా ఉండాడు. నాకు ఆవలింత వచ్చింది. సంత నుంచి వంకాయలు తీసకపోదునా, బీరకాయలు తీసకపోదునా అని ఆలోచిస్తా ఉంటి. నాకే భయమేసింది."

పెద్దోబులయ్య "పోయిరా" అన్నాడు. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

ఇక చూడండి, ఊరు ఊరంతా నోరు తెరిచింది. పెట్టిపుట్టిన చెయ్యిని పెట్టుకుని ఊరికే కూర్చుంటాడంట! మతి చలించిందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. భార్య రెడ్డెమ్మ మాత్రం మూట కట్టి, "మా అమ్మోళ్ల మేకలుండాయి, పోదాం పా" అంది. వాళ్లమ్మ అంత మంచిదేమీ కాదు. గుమ్మంలోనే నిలబెట్టి, "అల్లుడు పండక్కి వస్తాడని చూస్తా ఉంటే మేకలు కాయను వచ్చినాడే!" అని నాలుగిళ్లకు వినపడేట్టు అనేసింది. చెంగల్రాయుడు తల వంచుకుని లోపలికి పోయాడు.

అలా రెండేళ్లు గడిచాయి.

ఒక పొద్దున నిద్ర లేస్తూనే అతనికి పనిలోకి పోవాలనిపించింది. మానేయడానికి ఉన్నపాటి కారణం కూడా దీనికి లేదు. చేతులు పని అడిగాయి, అంతే. రెడ్డెమ్మ సద్ది కట్టి ఇస్తూ ఒకటే చెప్పింది. "పో. కానీ ఈ రెండేండ్లూ ఏం చేసినావని అందరూ అడుగుతారు. ఏం చెప్పాల్నో దావలోనే అనుకో."

దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాడు. ఒక్క మంచి జవాబూ తట్టలేదు.

పెద్దోబులయ్య అతన్ని చూసి, నిన్న సాయంత్రం ఇంటికి పోయి ఇవాళ వచ్చినవాణ్ణి పలకరించినట్టు పలకరించాడు. "వచ్చినావా? కాళ్లు కడుక్కో. సంగటి తిందువు."

అంతే. అడుగుతాడేమోనని బిక్కుబిక్కుమంటూ తిన్నాడు గానీ, గురువు ఆ ఊసే ఎత్తలేదు.

మర్నాడు పంచలోకి వస్తే అతని పీట మీద గంగులు కూర్చుని ఉన్నాడు. గంగులు ఇతని చేతికింద గుడ్డపేలికలు చింపిచ్చిన మనిషి. కట్టుకు వాడే వెదురు దబ్బలు ఎలా చెక్కాలో ఇతనే నేర్పాడు. ఇప్పుడు అతని ముందర బారులు తీరి ఉన్నారు జనం. గంగులు మంచివాడు, చూస్తూనే దిగ్గున లేచి, "అన్నా, నువ్వు కూర్చో" అన్నాడు.

కూర్చున్నాడు. మొదట వచ్చింది కాలు మడతబడిన ఒక అవ్వ. కాలు చాపబోతూ ఆగి, ఇతన్ని ఎగాదిగా చూసింది.

"ఈడ కొత్తనా నాయనా నువ్వు?"

"కాదవ్వా, పాతోణ్ణే. రెండేండ్లు లేను."

"యాడికి పోయింటివి?"

"యాడికీ లేదు."

"జబ్బేమన్నా చేసిందా?"

"లేదవ్వా."

"మరి ఏం చేస్తా ఉంటివి?"

చెంగల్రాయుడు మింగలేక కక్కలేక, "ఊరికే ఉంటిని" అన్నాడు.

అవ్వ చాపిన కాలును గబుక్కున వెనక్కి లాక్కుంది. "ఊరికే ఉండినోనికి ఇచ్చేదానికి నా కాలే దొరికిందా? ఆ పిల్లోన్ని పిలువు, ఆ గంగులునో ఎవురినో!"

పంచంతా గొల్లుమంది. నవ్వినవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు పాపం, నొప్పితో వచ్చినవాళ్లు, కాస్త నవ్వు దొరికితే నవ్వారు. కానీ ఆ తర్వాత ఒక్కరూ అతని ముందుకు రాలేదు. మోచెయ్యి వాచిన బస్సు డ్రైవరు ఎండలోనైనా నిలబడతానన్నాడు గానీ ఖాళీగా ఉన్న ఇతని దగ్గరికి మాత్రం రానన్నాడు. మధ్యాహ్నానికి చెంగల్రాయుడు పీట గంగులుకు ఇచ్చేసి, పెరట్లోకి పోయి ఆకుపసరు నూరుతూ కూర్చున్నాడు.

జనం అనుకుంటే అనుకున్నారు, తన చెయ్యి తనకు తెలియదా అనుకున్నాడు. కొట్టం వెనక ఒక పాత కుండను గోనెసంచిలో వేసి రాయితో కొట్టాడు. ఆ ఇంట్లో పని నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం అదే. సంచి మూతి కట్టేసి, పైనుంచే తడిమి, లోపలి పెంకుల్ని ఒకదానికొకటి అతికేట్టు సర్దాలి. కంటికి కనపడని ఎముక వేలికి కనపడాలంటే అదే దారి. ఒకప్పుడు చెంగల్రాయుడు పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ ఆ కుండను నిలబెట్టేవాడు.

ఇప్పుడు పెంకు పెంకుగానే ఉండిపోయింది. మేకల పలుపులు లాగి లాగి అరచేతులు మొద్దుబారాయి. అంచు ఏదో, మధ్య ఏదో వేలికి అందడం లేదు. మళ్లీ సర్దాడు. మళ్లీ జారింది. చెమట కళ్లలోకి కారింది. ఆ సంచి ముందు అతను కొయ్యబారిపోయాడు. అవ్వ అన్నది నిజమేనన్నమాట! జనం తెలియక నవ్వారనుకున్నాడు గానీ, వాళ్లకే తెలుసు, తనకే తెలియదు. ఇక ఈ జన్మకు ఇంతేనా?

మర్నాడు పొద్దున మూట చంకన పెట్టుకుని నేరుగా పంచలోకి వచ్చాడు. పంచ నిండా జనం, కట్టు మార్పించుకోవడానికి మళ్లీ వచ్చిన నిన్నటి అవ్వా, డ్రైవరూ కూడా ఉన్నారు. గంగులు పట్టీకి పూయడానికి గిన్నెలో కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొడుతున్నాడు. పెద్దోబులయ్య రాతిస్తంభం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సామీ, నా చెయ్యి మరిచిపోయింది. సంచి పట్టుకొని చూసినా. ఏమీ తెలియడం లేదు. నేను పోతాండా. ఇంక రాను."

పెద్దోబులయ్య బల్ల మీంచి లేచాడు. వెళ్లడానికి దీవెన ఇస్తాడు కాబోలని చెంగల్రాయుడు వంగబోయాడు.

ముసలాయన ఎడమ చెయ్యి ఎత్తి, అరచేతిని స్తంభానికి పైన ఎత్తుగా ఆనించాడు. ఒళ్లు ఒక్క తిప్పు తిప్పాడు.

టక్కుమంది.

చెయ్యి వేలాడిపోయింది. భుజం మీది గుండ్రం పోయి అక్కడొక గుంట పడింది. ముఖం పాలిపోయింది. అలాగే మెల్లగా వచ్చి బల్ల మీద కూర్చుని, "పట్టు" అన్నాడు.

గంగులు చేతిలోని గిన్నె జారి తెల్లసొన నేలంతా పారింది. "ఓరి నాయనో, ముసిలాయన చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడో!" అని అవ్వ కేక పెట్టింది. డ్రైవరు తన మోచేతి నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. ఎవరికీ ఏం జరిగిందో అంతుపట్టలేదు, ఆ ఇద్దరు శిష్యులకు తప్ప. వయసులో బండి మీంచి పడ్డప్పటినుంచి గురువు ఎడమ భుజం కీలు వదులు. చెయ్యి ఎత్తితే ఊడిపోతుందని చొక్కా తొడిగేటప్పుడు కూడా ఒకరు పట్టుకుంటారు. ఇన్నేళ్లూ పసిబిడ్డను కాచుకున్నట్టు కాచుకున్న భుజం అది. దాన్ని ఆయనే, తన చేతులారా!

గంగులు పరుగున వచ్చి చెయ్యి వేయబోయాడు.

"నువ్వు కాదు, పక్కకు జరుగు" అన్నాడు గురువు. ఆయన పై పెదవి మీద చెమట పోసింది.

"సామీ, ఎంత పని చేసినావు! నాకు రాదని చెప్తానే ఉంటి గదా. గంగుల్ని పట్టనీ సామీ, నీకు దండం పెడతా."

"నువ్వు పట్టేదాకా ఇట్లనే ఉంటాది. నీ ఇష్టం."

చెంగల్రాయుడి చంకలోని మూట ఎప్పుడు పడిపోయిందో అతనికే తెలియదు. గురువు ముందు మోకరిల్లాడు. ఒక చేత్తో మోచెయ్యి పట్టాడు, రెండో చేత్తో చంక కింద ఆనించాడు. గురువు పళ్లు బిగించడం కనపడింది. వెంటనే చేతులు తీసేశాడు. మళ్లీ పట్టాడు.

ఎముకలు కట్టేవాళ్లంతా రోగిని ముందు మాటల్లో పెడతారు. మీది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతూ, జవాబు ఇంకా నోట్లో ఉండగానే లాగేస్తారు. చెంగల్రాయుడికి ఇంకేమీ తోచక ఆ పాత కిటుకే పట్టుకున్నాడు.

"సామీ... ఇయ్యాల సంగటిలోకి ఏం కూర?"

అంత నొప్పిలోనూ పెద్దోబులయ్యకు నవ్వొచ్చింది. "ఒరే, ఆ మాట నీకు నేర్పింది నేనురా."

చెంగల్రాయుడికి ఏడుపొచ్చింది.

"నేనడుగుతా, నువ్వు చెప్పు" అన్నాడు గురువు. "ఈ రెండేండ్లూ ఏం చేసినావు?"

"ఇప్పుడా సామీ!"

"నొప్పి నాది. తొందర నీకెందుకు? చెప్పు."

"ఊరికే ఉంటిని."

"ఊరికే ఎట్లుంటారు? పొద్దున లేస్తానే యాడికి పోతా ఉంటివి?"

"మేకల్ని తోలుకొని గుట్టకు పోతా ఉంటి."

"మాట వింటాయా?"

"అన్నీ వింటాయి సామీ. ఒక బొల్లిది ఉండె, అదొక్కటే ఎవురి మాటా వినదు. అచ్చం మా అత్తే."

ఎవరో కిసుక్కున నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నారు. "ఊఁ" అన్నాడు గురువు.

"అది చూడితో ఉండె సామీ. ఒకనాడు వాన పట్టుకునింది. అన్నీ ఇంటికొచ్చినాయి, అది రాలేదు. మా అత్త పోతే పోనీలే అనింది. నాకు కాళ్లు నిలవలేదు. మళ్లీ గుట్టెక్కి తిరుగుతా ఉండా, తిరుగుతా ఉండా. అంతా నీళ్లు. ముందర చెట్టు కూడా కనపడదు. అప్పుడు యాన్నుంచో ఒక అరుపు. ఇంతే సామీ, ఇంత చిన్న అరుపు. ఆ వాన సప్పుట్లో ఎట్ల వినపడిందో నాకే తెలియదు. ఆ పక్కకే పరిగెత్తినా. రెండు బండల నడుమ సందు. బోర్లా పండుకొని చెయ్యి పెడితిని, అందలేదు. ఇంకా పెడితిని. భుజం దాకా పెడితిని. బండ గీరుకొని తోలు లేస్తా ఉండాది, అయినా పెడితిని. వేళ్లకు ఏందో మెత్తగా..."

టక్.

"మెత్తగా తగిలి..." అంటూ చెంగల్రాయుడు ఆగిపోయాడు.

గురువు భుజం మీది గుంట లేదు. గుండ్రం తిరిగి గుండ్రంగా ఉంది. ముసలాయన వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు, పెద్దగా ఊపిరి వదిలాడు, చెయ్యి మెల్లగా ఎదకు ఆనించుకున్నాడు. గంగులు గుడ్డ తెచ్చి మెడకు జోలె కట్టాడు.

చెంగల్రాయుడు తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"సామీ, నేను ఎప్పుడు లాగితిని?"

"నన్నడిగితే? నేను నీ మాటలు వింటా ఉంటి."

చెంగల్రాయుడు నేల మీద అలాగే కూలబడిపోయాడు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. డ్రైవరు ఇంకా నిలబడే ఉన్నాడు.

పెద్దోబులయ్య స్తంభానికి జారగిలబడి, పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. కుడిచేత్తో బల్ల మీద తన పక్కన చోటు చూపించాడు.

"ఈడ కూర్చోని చెప్పప్పా. వేళ్లకు మెత్తగా తగిలిందంటివే, అది మేకనా, మేకపిల్లనా?"