యాస ఉన్న కొండ

సముద్రపు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరికి కొండ లేదు. ఎటు చూసినా ఇసుక, ఇసుక దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే మళ్లీ ఇసుకే.

ఆ ఊళ్లో ఒక సన్నాయి ముసలాయన ఉండేవాడు. యాభై ఏళ్లుగా అక్కడ జరిగిన ప్రతి పెళ్లికీ ఆయనే ఊదాడు. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఎత్తుకున్న రాగం తెగకుండా తలంబ్రాలు పూర్తయ్యేదాకా లాగేవాడు. నడిమధ్యలో ఊపిరి కోసం ఆగేవాళ్లను చూస్తే ఆయనకు జాలి.

ఒక ఏడు, ఎండుచేపలు అమ్ముకోవడానికి కొండసంతకు వెళ్లిన ఆ ఊరి పడవవాడొకడు అక్కడి పిల్లను ఇష్టపడ్డాడు. పిల్లా ఇష్టపడింది. పెళ్లి ఒడ్డునే అనుకున్నారు. పిల్ల తరఫువాళ్లు మూడు రోజులు నడిచి దిగి వచ్చారు. వాళ్ల వెంట కొమ్ము ఊదే మనిషి కూడా వచ్చాడు. అతని భుజాన అడవిదున్న కొమ్ము, నూనె పట్టి పట్టి నల్లగా మెరుస్తోంది.

పెళ్లినాడు పొద్దున్నే ఇద్దరూ పందిట్లో పక్కపక్కన కూర్చున్నారు.

"ఇందులో ఎన్ని స్వరాలు పలుకుతాయి నాయనా?" అన్నాడు సన్నాయి ముసలాయన.

"మూడు, పెద్దయ్యా."

"మూడేనా!"

"మేం ఊదేది మూడే. మిగతాది కొండ పలుకుతుంది."

ముసలాయన మీసాల్లో నవ్వుకుని, సన్నాయి పీకను నాలుకతో తడిపి ఒక రాగం ఎత్తుకున్నాడు. వంట దగ్గర ఆడవాళ్లు గరిటెలు ఆపి విన్నారు. కొమ్ము మనిషీ కళ్లు మూసుకుని విన్నాడు. రాగం ముగిశాక ఒక మాట అడిగాడు.

"ఎంత బాగుందో చెప్పలేను. కానీ పెద్దయ్యా, ఇది ఎక్కడా ఆగదేం? అవతలివాళ్లు ఎప్పుడు మాట్లాడాలి?"

"మాట్లాడకూడదనే గదా ఊదేది! తాళి కట్టే వేళ ఎవడో తుమ్ముతాడు, ఎవరో నోరు జారతారు. పాడుమాట పిల్ల చెవిన పడకుండా మేం దుప్పటి కప్పినట్టు కప్పేస్తాం."

"మా దగ్గర కప్పరు, అడుగుతారు," అన్నాడు కొమ్ము మనిషి. "పిల్లను పంపేముందు కొండను అడుగుతాం. కొండ పలికితేనే పిల్ల అడుగు బయట పెడుతుంది."

ఇక్కడ కొండ లేదన్న సంగతి ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు.

ముహూర్తం వచ్చింది. డోలు, సన్నాయి ఒక్కసారిగా చెలరేగాయి. పిల్ల మెడలో తాళి పడింది. ముసలాయన రాగం వెంట్రుకంత కూడా తెగలేదు. ఆ తరవాత కొమ్ము మనిషి పందిరి బయటికి వచ్చి, సముద్రానికి వీపు పెట్టి, కొమ్మును పైకెత్తి మూడు స్వరాలు ఊదాడు. ఊది ఆగాడు.

గాలికి సరుగుళ్లు కదిలాయి. అంతే.

మళ్లీ ఊదాడు. మళ్లీ ఆగాడు. ఆ ఆగడంలో ఊరంతా ఊపిరి బిగబట్టింది. స్వరాలు ఇసుక మీదుగా వెళ్లి, వెళ్లినవి వెళ్లినట్టే పోయాయి.

పిల్ల అమ్మమ్మ లేచి నిలబడింది. "మూడోసారీ పలక్కపోతే పిల్లను మాతో తీసుకుపోతాం. మళ్లీ ఏడు చూద్దాం."

"ఇదేం చోద్యం!" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి. "లేని కొండ ఎట్లా పలుకుతుందమ్మా?"

"పిలిస్తే పలికేవాళ్లు లేని చోట మా పిల్లను ఎట్లా వదిలేది బాబూ?"

పెళ్లికూతురు పందిరి గుంజ పట్టుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు పందిరి అంచు మీద పెట్టి నిలబడిపోయింది. సన్నాయి ముసలాయన ఆ అమ్మాయి ముఖం చూశాడు. యాభై ఏళ్లలో ఎంతమంది పెళ్లికూతుళ్ల ముందు ఊదాడో! ఊదుతూ ఒక్కరి ముఖమైనా చూసింది లేదు.

"గొంతు ఎండింది. కాసిని మంచినీళ్లు తాగి ఊదుతాను," అన్నాడు కొమ్ము మనిషి. చెంబు చేతికిచ్చేసరికి సన్నాయి ముసలాయన అక్కడ లేడు.

పంచె ఎగ్గట్టి, సన్నాయి చంకన పెట్టి, కాలే ఇసుకలో పరుగులాంటి నడకతో తోపు దాటి, అవతలి దిబ్బ వెనక కూలబడ్డాడు. రొప్పు ఆగలేదు. ఊదడం కాదు, ఊదకుండా ఉండడం ఆయనకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి.

కొమ్ము మోగింది. మూడు స్వరాలు.

కొండ ఎంతసేపు ఆగుతుంది? కొండను ఎన్నడూ విన్నవాడు కాదు. రెండు ఊపిరులు లెక్కపెట్టుకున్నాడు. తరవాత ఊదాడు, సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు. మొదటి స్వరం నిటారుగా వచ్చింది. రెండోదీ నిటారుగానే వచ్చింది. మూడోది వచ్చేసరికి యాభై ఏళ్ల అలవాటు వేలిని లాగింది. స్వరం చివర చిన్న గమకం జారిపోయింది.

ముసలాయన నాలుక కరుచుకున్నాడు. పాడు చేశాను, అనుకున్నాడు.

ఉన్నట్టుండి కొమ్ము మళ్లీ మోగింది. నాలుగోసారి ఊదడం వాళ్ల ఆచారంలో లేదు. అయినా మోగింది. పైగా మూడో స్వరం చివర, దున్న బురదలో కాలు జారినట్టు, మొరటుగా ఆ గమకాన్ని పట్టుకోబోయింది. దిబ్బ వెనక ముసలాయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఈసారి దాచకుండా, గమకంతోనే బదులిచ్చాడు.

పందిట్లో పెళ్లికూతురు మొగుడి వైపు తిరిగింది. "మా కొండకు యాస లేదు. మీ కొండకు ఉంది," అంది. అని, పందిరి బయట అడుగు పెట్టింది.

భోజనాల వేళకు ముసలాయన ఏమీ ఎరగనట్టు వచ్చి బంతిలో కూర్చున్నాడు. అమ్మమ్మ ఆయన కాళ్ల వంక చూసింది. మోకాళ్లదాకా ఇసుక. భోజనం అయ్యాక ఆమె తమలపాకులో వక్క పెట్టి అందించింది.

"మీ కొండకు ఎన్నేళ్లు తమ్ముడూ?"

"అరవై రెండు, అక్కా."

"పళ్లున్నాయా?"

"ముందువి ఉన్నాయి."

"మా పిల్లకు ఎప్పుడైనా దిగులేస్తే పలుకుతుందా?"

ముసలాయన ఆకు నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అర్ధరాత్రి పిలిచినా," అన్నాడు.

కొండవాళ్లు మర్నాడు వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఉండిపోయింది. మొదట్లో వారానికోసారి, ఒడ్డున నిలబడి అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని మూడు స్వరాలు పిలిచేది. ఎక్కడో ఒక సన్నాయి పలికేది. ఆ తరవాత పిలుపులు నెలకోసారి అయ్యాయి. ముసలాయన పళ్లు ఊడి ఊదలేని రోజు వచ్చినప్పుడు, వలలు అల్లే ఒకావిడ గొంతుతో పలికింది. ఆమె ఇంట్లో లేనినాడు పడవ మీంచి ఎవరో పలికారు.

ఇప్పటికీ ఆ ఊరికి కొత్తవాళ్లు వచ్చి దారి అడిగితే, ఊళ్లోవాళ్లు తోపు అవతలి ఇసుక దిబ్బ వైపు చెయ్యి చూపించి, "కొండ దాటాక ఎడమకు తిరగండి," అంటారు. కొత్తవాళ్లు తెల్లబోతారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ దిబ్బ దగ్గరికి వచ్చేసరికి, నిజంగా కొండే ఉన్నట్టు చుట్టు తిరిగి నడుస్తారు.